లెవెల్ వెనక, టియర్ ముందు: డబ్ల్యూజీటీలో ఏ క్లబ్ ఎప్పుడు కొనాలి?

#1 కొత్తటీ

అందరికీ నమస్కారం. డబ్ల్యూజీటీ (వరల్డ్ గోల్ఫ్ టూర్ అనే ఆన్‌లైన్ గోల్ఫ్ గేమ్)లో నాది లెవెల్ 34, టియర్ మాస్టర్. బ్యాగులో డ్రైవర్ 230 గజాలు, 3 వుడ్ 205, హైబ్రిడ్ 185, ఆ తర్వాత ఐరన్లు ఒక్కోటి 11 గజాల తేడాతో దిగుతాయి. మాస్టర్ అయ్యాక స్కోర్లు బాగా పాడయ్యాయి. టియర్ పెరిగితే షాపులో మంచి క్లబ్బులు తెరుచుకుంటాయి కదా, మరి నాకెందుకు ఇంకా తాళం వేసే ఉన్నాయి? చేతిలో క్రెడిట్లు కొన్నే ఉన్నాయి, ఒక్క వస్తువుకే సరిపోతాయి. ముందు ఏది కొనాలి?

#2 నైన్‌ఐరన్

కొత్తటీ గారూ, తాళం తీసేది టియర్ కాదండీ, లెవెల్. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం మంది తప్పటడుగు వేస్తారు.

లెవెల్ అనేది ఎక్స్‌పీతో, అంటే ఆడినందుకు వచ్చే అనుభవ పాయింట్లతో పెరుగుతుంది. ఎంత ఎక్కువ ఆడితే అంత. షాపులో ప్రతి క్లబ్ మీదా, ప్రతి బంతి మీదా ఏ లెవెల్‌కు తెరుచుకుంటుందో రాసి ఉంటుంది.

టియర్ మాత్రం సగటు స్కోరును బట్టి వస్తుంది (గోల్ఫ్‌లో స్కోరు ఎంత తక్కువైతే అంత మంచిది). వరుస ఇదీ: హ్యాక్, అమెచ్యూర్, ప్రో, టూర్ ప్రో, మాస్టర్, టూర్ మాస్టర్, లెజెండ్, టూర్ లెజెండ్, ఛాంపియన్, టూర్ ఛాంపియన్. టియర్ పెరిగేకొద్దీ టీలు (మొదటి షాట్ కొట్టే చోట్లు) వెనక్కి జరుగుతాయి, గ్రీన్లు (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వేగంగా ఉంటాయి. ఒకసారి పైకి ఎక్కారంటే మళ్లీ కిందికి దించరు.

అంటే బాగా ఆడినందుకు కోర్సు పొడవు పెరుగుతుంది, ఎక్కువ ఆడినందుకు క్లబ్బుల పొడవు పెరుగుతుంది. మీ విషయంలో మొదటిది ముందుకు పరిగెత్తింది, రెండోది నడుస్తోంది. ఆట చెడిపోలేదు, బ్యాగు చిన్నదైపోయింది. అంతే తేడా.

#3 గాలివాటం

నైన్‌ఐరన్ చెప్పినదాన్ని లెక్కలో పెడితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముందు టీ నుంచి 375 గజాల పార్ 4 (నాలుగు షాట్లలో ముగించాల్సిన రంధ్రం) అనుకోండి. డ్రైవ్ 230 పోతే 145 మిగులుతుంది. చిన్న ఐరన్, బంతి ఎత్తు నుంచి దిగుతుంది, స్పిన్ పట్టుకుంటుంది. అదే రంధ్రానికి దూరం వెనక టీ నుంచి 425 అయితే మిగిలేది 195. హైబ్రిడ్ 185 చాలదు, 3 వుడ్ 205 ఎక్కువ. పైగా 3 వుడ్ బంతి బల్లపరుపుగా వచ్చి గట్టి గ్రీన్ మీద పడితే వెనక అంచు దాటేదాకా ఆగదు.

ఎదురుగాలి ఉంటే చెప్పనక్కర్లేదు. ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది: 3 అడుగులంటే ఒక గజం. గ్రీన్ 30 అడుగుల ఎత్తులో ఉంటే 10 గజాలు కలపాలి. 195 కాస్తా 205 అవుతుంది, మీ 3 వుడ్ పూర్తిగా కొడితేనే అంచుకు చేరుతుంది.

50 గజాలు పెరిగితే ఒక్క క్లబ్ పొడవైనది వాడితే సరిపోతుంది అనుకుంటారు. కాదు, 11 గజాల తేడా ఉన్న బ్యాగులో నాలుగైదు క్లబ్బులు పైకి వెళ్లాలి. స్కోరు పాడవడానికి కారణం అదే.

#4 బోగీరాజా

సింపుల్. కావాలని నాలుగు రౌండ్లు చెత్తగా ఆడేయ్ బ్రదర్. సగటు పెరుగుతుంది, తర్వాతి టియర్ ఆలస్యం అవుతుంది, ఈలోపు లెవెల్ వచ్చేస్తుంది.

#5 నైన్‌ఐరన్

రాజా, ఆ సలహా వద్దు. అది శాండ్‌బ్యాగింగ్. తక్కువ టియర్ టోర్నమెంట్లో కూర్చుని నిజంగా ఆ స్థాయిలో ఉన్నవాళ్ల బహుమతి తీసుకోవడమే అది. ఏ కంట్రీ క్లబ్‌లోనూ (గేమ్‌లో ఆటగాళ్ల బృందం) మర్యాద మిగలదు.

మర్యాద సంగతి పక్కన పెట్టినా అది పనిచేసే ఎత్తు కాదు. టియర్‌లో తగినన్ని ర్యాంక్డ్ రౌండ్లు (సగటులో లెక్కకొచ్చేవి) పూర్తయ్యాక సగటు శాచురేట్ అవుతుంది. ఆ తర్వాత మంచి రౌండ్లే లెక్కలో నిలుస్తాయి, చెడ్డవి రాలిపోతాయి. అప్పుడు మీరు 90 కొట్టినా సగటు కదలదు, చక్కగా ఒక 63 కొడితే మాత్రం దిగుతుంది. చెత్తగా ఆడి మీరు పోగొట్టుకునేది సమయం ఒక్కటే.

#6 చిప్పుచిన్నా

దీనికి నిజాయితీగా ఉన్న దారి వేరే ఉంది. ఎక్స్‌పీ రావాలి, సగటు కదలకూడదు. అంతేగా? క్లోజెస్ట్ టు హోల్ (బంతిని రంధ్రానికి దగ్గరగా ఆపే పోటీ), ఆల్టర్నేట్ షాట్, మ్యాచ్ ప్లే ఆడండి. వీటి ఫలితం స్ట్రోక్ ప్లే సగటులోకి ఎక్కదు. ఎంత బాగా ఆడినా పర్వాలేదు, ఎవరినీ మోసం చేసినట్టూ కాదు.

ఇందులో క్లోజెస్ట్ టు హోల్‌కు ఇంకో లాభం ఉంది. 9 రంధ్రాలూ పార్ 3 దూరాల్లోనే కాబట్టి ఐరన్ ఒక్కోటి నిజంగా ఎంత దూరం పోతుందో పట్టిక తయారవుతుంది. ప్రతి షాట్ తర్వాత ఇవి రాసుకోండి: క్లబ్, మీటర్ (షాట్ బలం, క్లిక్ సమయం చూపే పట్టీ) శాతం, గాలి, బంతి ఎక్కడ పడి ఎక్కడ ఆగింది. పడినచోటు, ఆగినచోటు విడివిడిగా రాయకపోతే ఆ పట్టికకు విలువ లేదు. డింగ్ (సరిగ్గా గుర్తు మీద క్లిక్ పడితే వచ్చే శబ్దం) తప్పిన షాట్లు అసలు రాయొద్దు, అవి పట్టికను కలుషితం చేస్తాయి.

#7 కొత్తటీ

టియర్ గురించి ఇప్పుడు అర్థమైంది, థ్యాంక్స్ అండీ. మరి ఆ ఒక్క వస్తువు ఏది? డ్రైవర్ అనుకుంటున్నా.

#8 పచ్చగడ్డి

బంతి. ఇంకేం ఆలోచించకండి.

డ్రైవర్ డ్రైవ్‌కే పనికొస్తుంది. పార్ 72 కోర్సులో మామూలుగా పార్ 3లు నాలుగు, పార్ 5లు నాలుగు, పార్ 4లు పది. అంటే డ్రైవర్ మహా అయితే 14 సార్లు బయటికి వస్తుంది. బంతి మాత్రం ప్రతి షాట్‌లోనూ ఉంటుంది, పట్‌లో (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్) కూడా. మీటర్‌ను నెమ్మది చేసే బంతి కొంటే ఒక రౌండులో 70 క్లిక్కులు సులువవుతాయి. డింగ్ తగలడం పెరిగితే పాత డ్రైవరే తిన్నగా పోతుంది.

#9 లెఫ్టీ

పచ్చగడ్డి గారితో సగమే ఒప్పుకుంటా. బంతి అరిగిపోతుంది, నీళ్లలో పడితే పోతుంది. ఒక్క వస్తువుకే క్రెడిట్లు ఉన్న మనిషి వాటిని బంతుల్లో పెడితే నెల తిరిగేసరికి బంతీ ఉండదు, క్లబ్బూ ఉండదు. క్లబ్ కొంటే నిలుస్తుంది.

రెండోది, బంతి మార్చినప్పుడు మీటర్ వేగం మారుతుంది, కాబట్టి చేతి లయ పోతుంది. సాధనకు చౌక బంతి, టోర్నమెంట్‌కు ఖరీదైన బంతి అని రెండు రకాలు వాడేవాళ్లు టోర్నమెంట్లోనే డింగ్ తప్పిస్తుంటారు. అలవాటైన వేగం వేరు, ఆడుతున్న వేగం వేరు మరి. ఏది వాడినా మీటర్ వేగం ఒకేలా ఉన్న బంతులే వాడండి.

#10 పచ్చగడ్డి

రెండు వేగాల మాట నిజమే, అది నేను చెప్పి ఉండాల్సింది. కానీ నీళ్లలో పడేది బంతి తప్పు కాదుగా :)

నీళ్లు దాటాల్సిన రంధ్రంలో చౌక బంతి పెట్టి, దాటాక మార్చుకుందాం అనుకునేవాళ్లకు ముందే చెబుతున్నా, ఆ పొదుపు పనికిరాదు. సరిగ్గా తడబడకూడని చోటే తెలియని బంతితో కొడతారు.

#11 గాలివాటం

ఇద్దరూ ఆగండి. ఆయన ఎక్కడ స్ట్రోకులు పోగొట్టుకుంటున్నారో తెలియకుండా మనం మందు రాస్తున్నాం.

కొత్తటీ గారూ, గత 10 ర్యాంక్డ్ రౌండ్లు తీసి రౌండుకు సగటున ఇవి చెప్పండి: ఎన్ని ఫెయిర్‌వేలు (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) దొరికాయి, రెగ్యులేషన్‌లో, అంటే పార్ కన్నా రెండు షాట్లు తక్కువలోపే ఎన్ని గ్రీన్లు ఎక్కారు, ఎన్ని పట్లు, 170 గజాలు దాటిన అప్రోచ్‌లు (గ్రీన్ మీదికి కొట్టే షాట్లు) ఎన్ని. ముఖ్యంగా చివరిది.

#12 కొత్తటీ

ఫెయిర్‌వేలు 14లో 12. గ్రీన్లు 18లో 9. పట్లు 29. 170 దాటిన అప్రోచ్‌లు రౌండుకు 7, వాటిలో గ్రీన్ ఎక్కేవి ఒకటో రెండో.

#13 గాలివాటం

ఇక వాదన అక్కర్లేదు. డ్రైవరే.

ఫెయిర్‌వేలు 12 దొరుకుతున్నాయంటే చేతి మీటర్ బాగానే ఉంది, నెమ్మది బంతి వల్ల వచ్చే లాభం తక్కువ. పట్లు 29 చూసి పటర్ బాగుంది అనుకోవద్దు. గ్రీన్ ఎక్కకుండా పక్కనుంచి చిప్ చేసి దగ్గర పెడితే పట్లు తగ్గినట్టే కనిపిస్తాయి. అసలు నష్టం ఆ 7 అప్రోచ్‌లలో. ఐదో ఆరో గ్రీన్లు అక్కడే పోతున్నాయి.

20 గజాలు పొడవైన డ్రైవర్ వస్తే ఆ ఏడింటిలో ప్రతిదీ రెండు క్లబ్బులు కిందికి దిగుతుంది. 195 మిగిలేచోట 175. 3 వుడ్ బదులు పొడవు ఐరన్. బంతి ఇంకాస్త ఎత్తు నుంచి దిగుతుంది, ఆగే అవకాశం వస్తుంది.

దూరం ఎంత పెరిగితే కొనాలి అనేదానికి ఒక కొలబద్ద: మీ ఐరన్ల మధ్య తేడా 11 గజాలు. కొత్త డ్రైవర్ ఇచ్చే అదనపు దూరం అంతకన్నా తక్కువైతే రెండో షాట్‌కు చేతిలోకి వచ్చే క్లబ్ చాలాసార్లు మారదు. క్లబ్ మారకపోతే స్కోరు మారదు. 5 గజాల కోసం క్రెడిట్లు పోయకండి. ఆ మెట్టు వదిలేసి తర్వాతి లెవెల్‌లో తెరుచుకునే దానికోసం దాచుకోండి.

#14 నైన్‌ఐరన్

దీనికి ఒక చిన్న చేర్పు. డ్రైవర్ కార్డు మీద దూరం ఒక్కటే చూడొద్దు. ప్రెసిషన్, ఫర్‌గివ్‌నెస్ రెండూ వేరు. డింగ్ తగిలినా బంతి గీసిన గీత మీదే పోదు, కొంచెం అటూ ఇటూ చెదురుతుంది. ఆ చెదురును తగ్గించేది ప్రెసిషన్. డింగ్ తప్పినప్పుడు పడే శిక్షను తగ్గించేది ఫర్‌గివ్‌నెస్. బ్యాలెన్స్ మీటర్ వేగానికి సంబంధించింది.

కాబట్టి డింగ్ ఎక్కువసార్లు తగిలేవాళ్లు ఫర్‌గివ్‌నెస్‌కు ఖర్చు పెట్టడం దండగ, ప్రెసిషన్ చూడాలి. పదిలో ఆరు తప్పేవాళ్లు ప్రెసిషన్ చూసి మురిసిపోవడం దండగ. ఫెయిర్‌వే 12 సంఖ్యను బట్టి కొత్తటీ గారు మొదటి రకం.

#15 లెఫ్టీ

సరే, డ్రైవర్‌కు నా ఓటు కూడా. కానీ తర్వాత ఐరన్ సెట్ కొనేటప్పుడు జరిగే పొరపాటు ఇప్పుడే చెబుతా. ఎందుకంటే దాన్ని గమనించేసరికి క్రెడిట్లు అయిపోతాయి.

పొడవైన ఐరన్ సెట్ కొంటారు. 9 ఐరన్ 125 నుంచి 140 అవుతుంది. వెడ్జ్ మాత్రం పాతదే, 105. మధ్యలో 35 గజాల గొయ్యి. వెనక టీల నుంచి పొడవైన డ్రైవ్ కొట్టాక మిగిలే దూరాలు చాలాసార్లు సరిగ్గా ఆ గొయ్యిలోనే పడతాయి! 120 కొట్టాలంటే 9 ఐరన్ 86 శాతం మీటర్‌తో కొట్టాలి. కొట్టొచ్చు, కానీ సగం సగం షాట్‌కు ఎత్తు తగ్గుతుంది, స్పిన్ తగ్గుతుంది, బంతి దొర్లుతుంది. పూర్తి షాట్‌తో 4 అడుగుల్లో ఆగాల్సింది 20 అడుగులు పోతుంది.

అందుకే ఐరన్లు, వెడ్జిలు ఒకే విడతలో ఆలోచించాలి. బ్యాగులో 14 క్లబ్బులే. నిజం గోల్ఫ్ నియమం కూడా అదే. కింద నుంచి పైకి ప్రతి దూరం కాగితం మీద రాసి, 100కు లోపు తేడాలు 15 మించకుండా, పైన 12 మించకుండా చూసుకోండి. పొడవు క్లబ్బుల దగ్గర 20 తేడా ఉన్నా పెద్ద నష్టం లేదు, ఎలాగూ అక్కడినుంచి పిన్‌కు గురి పెట్టరు, గ్రీన్ మధ్యకే.

#16 బోగీరాజా

నేను గోల్ఫ్ క్లాష్ అనే ఇంకో గేమ్ కూడా ఆడతా. అక్కడ ఈ లెవెల్ తాళం గొడవ లేదు. పెట్టెలు తెరిస్తే కార్డులు వస్తాయి, కార్డులు నిండితే క్లబ్ పెరుగుతుంది. అది నయం కదా?

#17 గాలివాటం

తాళం లేదని ఎవరన్నారు రాజా, తాళం వేరే తలుపుకు ఉంది. గోల్ఫ్ క్లాష్‌లో పై టూర్లు ట్రోఫీలను బట్టి తెరుచుకుంటాయి. కొన్ని క్లబ్బుల కార్డులు ఫలానా టూర్ నుంచి పైన దొరికే పెట్టెల్లోనే వస్తాయి. కార్డులు నిండినా క్లబ్ పెంచడానికి మళ్లీ కాయిన్లు కట్టాలి. ప్రతి ఆటకూ ప్రవేశ రుసుము ఉంటుంది, గెలిచినవాడికే పందెం మొత్తం. కార్డుల ఆశతో పై టూర్‌కు వెళ్లి వరుసగా ఓడితే, కార్డులు ఉన్నా పెంచడానికి కాయిన్లు మిగలవు. ఇక్కడ టియర్ ముందు పరిగెత్తడం ఎలాంటిదో అక్కడ టూర్ ముందు పరిగెత్తడం అలాంటిదే.

అక్కడ క్లబ్ రకాలు ఏడు: డ్రైవర్, వుడ్, లాంగ్ ఐరన్, షార్ట్ ఐరన్, వెడ్జ్, రఫ్ ఐరన్, శాండ్ వెడ్జ్. ప్రతిదానికీ ఆరు గుణాలు. ఏడింటిలోనూ ఒక్కొక్క క్లబ్ ఎంచుకుని వాటికే కాయిన్లు పెట్టాలి. పచ్చ గుర్తు వచ్చింది కదా అని కార్డులు నిండిన ప్రతిదాన్నీ పెంచితే ఖజానా ఖాళీ.

అక్యురసీ అనే గుణం గాలి లెక్కకు ఆధారం. 100 నుంచి అక్యురసీ తీసేసి, 50తో భాగించి, 1 కలపండి. వచ్చిన అంకె గురి చుట్టూ కనిపించే ఒక్కో వలయానికి గంటకు ఎన్ని మైళ్ల గాలో చెబుతుంది. అక్యురసీ 60 అయితే 40ని 50తో భాగిస్తే 0.8, ఒకటి కలిపితే 1.8. గాలి 9 మైళ్లయితే 9 బై 1.8, అంటే 5 వలయాలు గాలికి ఎదురు జరపాలి. ఇది ఆ క్లబ్ గరిష్ఠ దూరానికి. తక్కువ దూరానికి కొడుతుంటే వలయాలు తగ్గించాలి.

ఇందులో ఒక చిక్కు ఉంది. క్లబ్‌ను ఒక లెవెల్ పెంచినప్పుడు అక్యురసీ మారిందంటే పాత వలయాల పట్టిక ఆ క్షణమే చెల్లదు. టోర్నమెంట్ మధ్యలో క్లబ్ పెంచి, పాత లెక్కతో కొట్టి, గేమ్‌ను తిట్టుకునేవాళ్లు కనబడుతూనే ఉంటారు.

#18 చిప్పుచిన్నా

విషయం పక్కకు పోతోంది, కానీ ఆ చివరి మాట డబ్ల్యూజీటీకీ వర్తిస్తుంది. కొత్త డ్రైవర్ వచ్చిన రోజే ర్యాంక్డ్ రౌండ్ ఆడకండి కొత్తటీ గారూ. ముందు ప్రాక్టీస్‌లో, తెలిసిన కోర్సులో, ఒక్క డ్రైవర్‌నే పరీక్షించండి. గాలి లేని రంధ్రం, అనుకూల గాలి, ఎదురుగాలి, పక్కగాలి, ఒక్కోదానికి కనీసం ఐదు డింగ్ షాట్లు. కార్డు మీద రాసిన దూరం, బంతి దొర్లుతో కలిపి ఆగిన దూరం ఒకటి కావు. ఫెయిర్‌వే బంకర్ల దగ్గర ఆ తేడాయే కొంప ముంచుతుంది: పాత 230 డ్రైవ్ బంకర్‌కు ముందే ఆగేది, కొత్త 250 తిన్నగా అందులోకి దూకుతుంది. పొడవు పెరిగాక కొన్ని రంధ్రాల్లో 3 వుడ్‌తో టీ కొట్టడమే మేలు.

#19 కొత్తటీ

ఇంకొక్క సందేహం. అప్పుడప్పుడు మీటర్ గెంతుతుంది. సరిగ్గా డింగ్ దగ్గరికి వచ్చాక ఆగి, ఒక్కసారి దాటిపోతుంది. కొత్త క్లబ్‌తో అది తగ్గుతుందా?

#20 లెఫ్టీ

తగ్గదు. అది మీ కంప్యూటర్ లేదా ఫోన్ సంగతి, బ్యాలెన్స్‌తో సంబంధం లేదు. మిగతా ట్యాబులు మూసేయండి, వెనక జరిగే డౌన్‌లోడ్లు ఆపండి, గ్రాఫిక్స్ ఒక మెట్టు తగ్గించండి, ఫోన్ అయితే బ్యాటరీ పొదుపు మోడ్ తీసేయండి. బ్లూటూత్ మౌస్ వాడుతుంటే తీగ మౌస్‌తో ఒకసారి పోల్చి చూడండి. తేడా చెప్పడం సులువే: గెంతినప్పుడు గుర్తు కదలిక ముక్కలుగా కనిపిస్తే పరికరం, కదలిక నున్నగా ఉండి కూడా ఎప్పుడూ ఒకే వైపు, అంటే ఎప్పుడూ ఆలస్యంగా పడుతుంటే చేతి లయ.

ఇంకో మాట, శబ్దం విని క్లిక్ చేసే అలవాటుంటే మానండి. డింగ్ శబ్దం క్లిక్ చేశాక వచ్చే ఫలితం.

#21 పచ్చగడ్డి

డ్రైవర్ తర్వాత మీ తర్వాతి క్రెడిట్లు ఎక్కడికి పోవాలో కూడా చెప్పేస్తా, ఈసారి బంతి అనను. పటర్.

గ్రీన్లు ఎక్కడం మొదలయ్యాక 25, 30 అడుగుల పట్లు పెరుగుతాయి, 29 అన్న అంకె 32 అవుతుంది. కంగారు పడొద్దు, అది మంచి గుర్తే. చూడాల్సింది పటర్ స్కేలు, అంటే మీటర్ నిండా కొడితే ఎన్ని అడుగులో. మీ పటర్ కనిష్ఠ స్కేలు 100 అడుగులదైతే 4 అడుగుల పట్ మీటర్‌లో 4 శాతం. వేలు వణికితే రెట్టింపు. అదే 25 అడుగుల స్కేలు ఉన్న పటర్‌లో ఆ పట్ 16 శాతం, గుర్తు పెట్టడానికి చోటుంటుంది. అలాగని స్కేలు పైకొన చిన్నదైతే పెద్ద గ్రీన్ల మీద ఎగువకు 60 అడుగుల పట్‌కు బలం చాలదు. రెండు కొసలూ చూసి కొనండి.

వేగానికి పట్టిక ఇలా చేసుకోండి. ప్రాక్టీస్‌లో గ్రిడ్ చుక్కలు (గ్రీన్ వాలును చూపేవి) కదలని సమతలం వెతికి, మీటర్‌ను 20 అడుగుల దగ్గర ఆపి కొట్టండి. బంతి 25 అడుగులు పోయిందనుకోండి, ఆ గ్రీన్ వేగానికి మీ గుణకం 0.8. ఇక 15 అడుగుల సమతలం పట్‌కు 12 కొట్టాలి, రంధ్రం దాటించడానికి ఇంకొంచెం. గ్రీన్ వేగం 8 నుంచి 13 దాకా ఒక్కోదానికి ఇలా ఒక్కో గుణకం రాసుకోండి. మాస్టర్ నుంచి పైకి వెళ్లేకొద్దీ వేగం ఎక్కువున్న వరుసలే ఎక్కువ వాడతారు.

#22 కొత్తటీ

షాపులో చూశా. ఇప్పుడు తెరుచుకుని ఉన్న డ్రైవర్లలో పొడవైనది 238. అంటే 8 గజాలే లాభం. గాలివాటం గారి కొలబద్ద ప్రకారం వదిలేయాలి. 252ది లెవెల్ 40కి తెరుచుకుంటుందని ఉంది.

#23 గాలివాటం

వదిలేయండి. 22 గజాలంటే మీ బ్యాగులో సరిగ్గా రెండు క్లబ్బులు. అప్పటిదాకా చిప్పుచిన్నా చెప్పిన క్లోజెస్ట్ టు హోల్, ఆల్టర్నేట్ షాట్ ఆడి ఆరు లెవెల్స్ ఎక్కండి. పొడవు పార్ 4ల మీద రెండో షాట్‌ను గ్రీన్ దాకా లాగాలని చూడకుండా, 80 గజాలు మిగిలేలా పడేసి వెడ్జ్‌తో పైకి తెచ్చుకోండి.

#24 కొత్తటీ

80 ఎందుకు? ఇంకా దగ్గరికి తోస్తే మంచిది కాదా?

#25 లెఫ్టీ

ఆ దూరం మీ వెడ్జ్‌ను బట్టి మారుతుంది. పూర్తి షాట్‌తో ఏ వెడ్జ్ 80 పోతుందో ఆ వెడ్జ్ ఉంటేనే 80. లేకపోతే మీ అతి చిన్న వెడ్జ్ పూర్తి దూరం ఎంతో అంత మిగల్చండి. 40 గజాల్లోకి తోస్తే సగం షాట్ కొట్టాలి, స్పిన్ ఉండదు, వేగమైన గ్రీన్ మీద ఆగదు. పిన్ ముందు అంచున ఉంటే మాత్రం పూర్తి స్పిన్ పెట్టకండి, బంతి వెనక్కి దొర్లి గ్రీన్ దిగిపోతుంది.